జల్లెడ దాటేసిన లైను

ఆస్పత్రిలో అతన్ని జల్లెడాయన అంటారు. ఆ పేరు తగిలించింది పగవాళ్ళెవరూ కాదు, కట్టుకున్న భార్యే. ఆవిడ అదే ఆస్పత్రిలో గుండెజబ్బుల వార్డు నర్సు. పెళ్ళైన కొత్తలో తోటి నర్సులు "మీ ఆయన ఆ కంప్యూటర్ల గదిలో పొద్దస్తమానం ఏం చేస్తాడే?" అని అడిగితే, "ఏముంది, జల్లిస్తూ కూర్చుంటారు" అంది. అంతే, పేరు అంటుకుపోయింది. అతనూ ఏమీ అనుకోలేదు సరికదా, తను రాసిన ప్రోగ్రాంకి కూడా జల్లెడ అనే పేరు పెట్టుకున్నాడు.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ ఆస్పత్రిలో ప్రతి నర్సు చేతిలోనూ ఒక టాబ్లెట్ ఉంటుంది. రోగి ఎలా ఉన్నాడో, ఏమన్నాడో అందులో కొడతారు. కొట్టిందల్లా ఒక్కొక్క లైనుగా, జేసన్ అనే అచ్చులో, కంప్యూటర్ల గదికి వచ్చి పడుతుంది, టాబ్లెట్‌లో ఏమీ మిగలదు. ఆ అచ్చుకి చాదస్తం జాస్తి. ప్రతి మాటకీ ముందొక కోట్ గుర్తు, వెనకొక కోట్ గుర్తు ఉండాలి. ఒక్కటి ఎక్కువైనా, ఒక్కటి తక్కువైనా కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది. వచ్చిన లైన్లన్నీ చదివి, వార్డువారీగా విడదీసి, డాక్టర్ల గదిలో గోడ మీదున్న స్క్రీన్‌కి పంపడం జల్లెడ పని. దానికి బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్లటి తెర మీద ఒక కమాండ్ కొడితే చాలు, పరుగెత్తుతుంది. రోగుల మొరైనా, క్యాంటీన్ మీద ఫిర్యాదైనా, సిబ్బంది మీద విచారణైనా ఆస్పత్రిలో మాటన్నది దాని బెజ్జాల్లోంచి దిగాల్సిందే. అదీ అతని గొప్ప.

ఇక ఆవిడకో అలవాటుంది. ఎవరేమన్నా సరే, అన్నది అన్నట్టు అప్పజెబుతుంది. చదువుకునే రోజుల్లో ఒక ముసలి హెడ్ నర్సు అలా నూరిపోసింది: "రోగి మాట రోగి నోటితోనే రాయవే. నీ తెలివి కలిపావో, అది నీ జబ్బవుతుంది గానీ వాడి జబ్బు కాదు." మిగతావాళ్ళు 'స్థిమితంగా ఉన్నారు' అని ఒక్క ముక్క కొట్టి చేతులు దులుపుకుంటే, ఈవిడ మాత్రం రోగి అన్న మాటకి అటొకటీ ఇటొకటీ కోట్స్ పెట్టి, పొల్లు పోకుండా ఎక్కించేది. ఇంట్లోనూ అదే వరస. మొగుడూ పెళ్ళాం మధ్య మాటా మాటా వస్తే, "పోయినేడు వానలో, బస్‌స్టాప్ దగ్గర మీరేమన్నారో చెప్పనా?" అని మొదలుపెట్టి మధ్యలో అతను దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పేది.

"తిట్టడం కూడా కోట్స్ పెట్టి తిడతావే తల్లీ!" అని అతను దండం పెట్టేవాడు. అతని అత్తగారు, అంటే ఆవిడ తల్లి, వాళ్ళతోనే ఉంటుంది. ఆ ముసలావిడ కూర తరుగుతూ నవ్వాపుకోలేక కత్తి కింద పెట్టేసేది.

అవన్నీ దర్జీ పోకముందు సంగతులు.

దర్జీ అంటే వార్డులో కిటికీ పక్క మంచం మీది ముసలాయన. మహా మాటకారి. నర్సుల యూనిఫారాలకి వంకలు పెట్టేవాడు, "భుజం కుట్టు ఎవడు వేశాడమ్మా, వాడి చేతులు విరగ!" అని. ఒక సాయంత్రం ఆవిడ డ్యూటీ దిగబోతుంటే పిలిచాడు. "సిస్టరమ్మా, చంకలోంచి ఎవరో దారం లాగుతున్నట్టుందమ్మా. లాగి లాగి ముడేస్తున్నారు" అన్నాడు. నవ్వుతూ అనలేదు. ఆవిడ వెంటనే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన వేరే కేసులో తలమునకలుగా ఉన్నాడు. "స్క్రీన్ మీద పెట్టండి సిస్టర్, ఇది అవగానే చూస్తాను" అన్నాడు. ఆవిడ పెట్టింది. తర్వాతి డ్యూటీకి వచ్చిన పిల్లకి కూడా చెప్పి ఇంటికొచ్చింది. డాక్టరుగారు చూస్తారన్నారు కదా అని ఆ పిల్ల ఊరుకుంది. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి స్క్రీన్ చూశాడు. కిటికీ పక్క మంచం దగ్గర కొత్తగా ఏమీ లేదు. ఏమీ లేదంటే బాగున్నాడనేగా అర్థం! తెల్లారేసరికి దర్జీ లేడు.

విచారణ పడింది. ఫోనులో ఏం చెప్పారో తనకి సరిగా గుర్తులేదన్నాడు డాక్టరు. తర్వాతి డ్యూటీ పిల్లా అదే పాట పాడింది. స్క్రీన్ చరిత్ర తిరగేశారు. అందులోనూ లేదు. నర్సు రాయలేదు, రాశానని బొంకుతోంది అన్నారు. తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. రోగి మాట మింగేసిన నర్సు అని వార్డంతా గుసగుసలు పోయింది. తిట్టరాని తిట్టు తిట్టినా ఆవిడ ఓర్చుకునేదేమో గానీ, ఆ మాట మాత్రం ఆవిడకి ఎముకల్లో దిగింది.

"రాశానండీ. ఈ చేత్తోనే రాశాను" అంది ఇంటికొచ్చి.

ఇక్కడ మొగుడనేవాడు ఏమనాలి? నేను చూస్తాను ఉండు అనాలి. ఈ మహానుభావుడేమన్నాడంటే, "రాస్తే ఎక్కడికి పోతుందే? గాల్లో కలిసిపోతుందా? అలిసిపోయి ఉంటావు. రాశాననుకుని ఉంటావు. మనిషి మర్చిపోతాడు గానీ మెషిన్ అబద్ధం చెప్పదు" అన్నాడు. తన ప్రోగ్రాం మీద ఈగ వాలినా సహించని మనిషి మరి.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారు మాత్రం గోడతో చెబుతున్నట్టు, "జల్లెడ వచ్చి, సూదీ సూదీ నీకు బెజ్జముందీ అందట" అంది. అతనికి ఒళ్ళు మండింది. అన్నం సగంలో వదిలేసి లేచాడు.

మర్నాడు కంప్యూటర్ల గది బయట ఒకామె నిలబడి ఉంది. దర్జీ కూతురు. ఎవరు ఏ గదికి పొమ్మంటే ఆ గదికి తిరిగి తిరిగి అక్కడ తేలింది.

"బాబూ, రోగులు చెప్పినవన్నీ ఇక్కడికే వస్తాయటగా. మా నాన్న నోరు విప్పి చెప్పలేదా? ఆయన ఊరుకునే మనిషి కాదు బాబూ. సూది గుచ్చుకుంటే వీధంతా వినిపించేలా అరిచే మనిషి. నొప్పొస్తే చెప్పకుండా ఎలా ఉంటాడు?"

"చెప్పి ఉంటే స్క్రీన్ మీద ఉండేదమ్మా" అన్నాడు అతను.

"అయితే చెప్పలేదంటారా?"

"స్క్రీన్ మీద లేదు కదమ్మా."

ఆమె తలూపింది. నమ్మింది పాపం, చదువుకున్నవాడి మాట. "ఆఖర్న మా నాన్నకి నోరు పడిపోయిందేమో" అనుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మాటే అతన్ని తొలిచింది. నిజం చెప్పుకోవాలంటే పెళ్ళాం మాట కూడా అంత తొలవలేదు. సరే, ఒకసారి చూద్దాం, మన జల్లెడలో లోపం లేదని నిరూపించి అందరి నోళ్ళూ మూయిద్దాం అని కూర్చున్నాడు. టాబ్లెట్ల నుంచి వచ్చిన పచ్చి ఫైలు, అంటే జల్లెడలో పడకముందు సరుకు, డిస్కులో కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. దర్జీ పోవడానికి ముందురోజు ఫైలు తీసి, జల్లెడలో పోసి, కమాండ్ కొట్టాడు. గడగడా పరుగెత్తింది. ఒక్క తప్పు లేదు. చూశారా, అని కుర్చీలో వెనక్కి వాలాడు.

వాలినవాడు మళ్ళీ ముందుకి వంగాడు. కమాండ్ చివర తను ఎప్పుడూ కొట్టే ఒక స్విచ్ ఉంది, అంటే జల్లెడ నడిచే తీరు మార్చే చిన్న మాట. వేళ్ళకి అలవాటై చూసుకోకుండానే కొట్టేస్తాడు. ఆ స్విచ్ కథ ఒకటుంది.

మొదట్లో జల్లెడకి చెడ్డ లైను తగిలితే అక్కడే ఆగిపోయేది. ఫలానా లైనులో, ఫలానా చోట అనుకోని అక్షరం ఉంది, నా వల్ల కాదు అని ఎర్రగా చెప్పి మొండికేసేది. డాక్టర్ల స్క్రీన్ బోసిపోయేది. కంప్యూటర్ల గది మేనేజరు ఒకరోజు మీద పడ్డాడు. "ఏమయ్యా, వచ్చినవాళ్ళందరి ముందూ స్క్రీన్ ఖాళీగా ఏడుస్తుంటే నా పరువేం కాను? తప్పు లైనొస్తే దాటేసి పోనీ. ఒక్క లైను పోతే కొంపలంటుకుంటాయా?" అన్నాడు. చెడ్డ లైను ఎందుకు చెడ్డదో ఒక్కసారి చూస్తానని అనబోయి, ఈయనతో ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాడు ఇతను. దాటేసే స్విచ్ పెట్టాడు. దాటేసిన లైన్లని కనీసం ఒక పక్కన పోగెయ్యొచ్చు. అదీ చెయ్యలేదు. ఆ కమాండ్ల లోకంలో ఒక గొయ్యి ఉంటుంది. అందులో ఎంత పోసినా నిండదు, పడ్డది పైకి రాదు. అందులోకి తోసేశాడు. ఆ రోజు నుంచి జల్లెడ ఆగింది లేదు. మేనేజరు భుజం తట్టాడు.

ఇప్పుడా స్విచ్ తీసేసి మళ్ళీ కొట్టాడు. జల్లెడ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అనుకోని అక్షరం. ఆ లైను తెరిచి చూశాడు. ఎవరో రోగి, 'ఇంటికి పంపించెయ్యండి' అన్నాడట. ఆ మాటకి రెండు పక్కలా కోట్స్ ఉన్నాయి. టాబ్లెట్ సాఫ్ట్‌వేర్ చేసిన బయటి కంపెనీవాడు, మాట లోపలి కోట్స్‌కి ముందు, ఇవి మాటలో భాగమేనని తెలియడానికి పెట్టాల్సిన గీత పెట్టకుండా ఉన్నదున్నట్టు అతికించేశాడు. జల్లెడకేం తెలుసు? రోగి మాట మొదట్లో ఉన్న కోట్ చూసి వాక్యం అయిపోయిందనుకుంది. తర్వాత వచ్చిన మాటలన్నీ దానికి చెత్త. మరి తను మొదట పరీక్షించినప్పుడు ఇదెందుకు బయటపడలేదు? పరీక్షకని తను కూర్చుని అల్లిన వాక్యాలన్నీ 'జ్వరం తగ్గింది', 'మందు వేశాము' లాంటివి. వాటిలో ఎవరూ మాట్లాడలేదు.

చెడ్డ లైన్లన్నీ వరసగా తీయించాడు. తెర మీద పడుతూనే ఉన్నాయి. "కళ్ళు మూస్తే పడిపోతున్నట్టుంది." "మా అబ్బాయికి చెప్పకండమ్మా, భయపడతాడు." "గుటక పడట్లేదు." రోగులు నోరు తెరిచి అన్న మాటలన్నీ అక్కడ ఉన్నాయి. స్థిమితంగా ఉన్నవాళ్ళందరూ మాత్రం శుభ్రంగా దిగి గోడెక్కారు. ముప్పాతిక వంతు లైన్ల చివర నర్సు నంబరు ఒక్కరిదే. ఆ నంబరు అతనికి కంఠతా వచ్చు. "ఏవండీ, ఈమధ్య నేను రాసినవి డాక్టర్లు చదవడమే లేదండీ" అని ఆవిడ ఎన్నిసార్లు అందో! "సోది రాస్తే ఎవరు చదువుతారే, పొట్టిగా రాయడం నేర్చుకో" అని తనెన్నిసార్లు అన్నాడో!

చివర్లో ఉంది దర్జీ లైను. "చంకలోంచి ఎవరో దారం లాగుతున్నట్టుందమ్మా. లాగి లాగి ముడేస్తున్నారు." టైము సరిగ్గా ఆవిడ చెప్పిందే. ఒక మనిషి ప్రాణం తన స్విచ్ మింగిందన్న సంగతి అప్పుడు తలకెక్కింది. ఏడుపు రాలేదు. భయం వచ్చింది. ఛీ, అలాంటప్పుడు కూడా మనిషికి ముందు భయమే వస్తుంది.

మేనేజరుకి చూపించాడు. ఆయన గది తలుపు వేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇది ఎవరికైనా చూపించావా?" అని అడిగాడు.

"లేదు సార్."

"దాటేయమని నేను కాగితం మీద రాసిచ్చానా?"

"నోటితో అన్నారు కదా సార్."

"నోటితో సవాలక్ష అంటామయ్యా. ప్రోగ్రాం ఎవరిది? నీది. చచ్చిపోయినాయన కూతురు రేపు పోలీసుల దగ్గరికెళితే ఎవరి పేరు చెబుతారు? నీదే. ఇల్లాలి మీద పడితే మందలింపుతో పోతుంది. నీ మీద పడితే జైలు. ఆవిడ 'అలసటలో రాయడం మరిచాను' అని ఒక సంతకం పెడితే, వేరే వార్డులో వేసుకునేలా నేను మాట్లాడతాను. ఇద్దరి కొలువులూ నిలబడతాయి. ఆలోచించుకో." అని, కాస్త ఆగి, "పాత ఫైళ్ళతో డిస్కు నిండిపోయిందట. ఇవాళే తుడిచెయ్యి" అన్నాడు.

తుడిచేశాడు. మేనేజరు వెనకే నిలబడి చూశాడు. ఆ కమాండ్ నిజంగా తుడవమంటావా అని అడగదు. కొట్టగానే పోతుంది.

ఆ మధ్యాహ్నం కూర్చుని జల్లెడ బాగుచేశాడు. ఎంత పని గనక! లోపలి కోట్స్‌ని పట్టుకుని, ముందొక గీత పెట్టి, ఆ తర్వాత చదవడం. అంతే. స్విచ్ పీకేశాడు. కోట్స్ ఉన్న వాక్యాలు పది రకాలుగా పోసి చూశాడు. అన్నీ నీళ్ళలా దిగాయి. సిగ్గు లేకుండా, ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

సాయంత్రం మేనేజరు ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వంటింట్లో యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. రేపు విచారణకి అదే వేసుకుని వెళతానంది. అత్తగారు పీట మీద కూర్చుని ఉంది.

"నీ లైను దొరికింది" అన్నాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఏమని ఉంది?"

చెప్పాడు. దారం, ముడి, అన్నీ. ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని భోరుమంది. "నాకు మతి చలించిందేమో అనుకున్నానండీ! రాశానో, రాశాననుకున్నానో నాకే తెలీకుండా పోయింది. మీరే అలా అనేసరికి నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది" అంది. తర్వాత మొహం తుడుచుకుని, ఎన్నాళ్ళకో నవ్వి, "రేపు చెబుతారుగా?" అంది.

అతను మంచినీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టి, "దొరికిందని చెప్పలేనే. ఫైలు తుడిపించేశారు. చెబితే నా మెడకి చుట్టుకుంటుంది" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి ఇస్త్రీబల్ల మీద పెట్టాడు. వేరే వార్డు సంగతి, మందలింపు సంగతి, ఇద్దరి కొలువుల సంగతి గబగబా చెప్పుకుపోయాడు.

ఆవిడ కాగితం చదివింది. చివరిదాకా చదివింది. అత్తగారు ఈసారి సామెత చెప్పలేదు. లేచి అవతలి గదిలోకి వెళ్ళింది.

"అక్కడ పెట్టండి" అంది ఆవిడ, మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంటూ.

అంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. ఆ పూట అన్నం మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు కూడా.

విచారణ గదిలో పొడుగు బల్ల. తలాపున సూపరింటెండెంట్ డాక్టరమ్మ, పక్కన మేనేజరు, ఒక చివర దర్జీ కూతురు. టైపిస్టు ముందు టాబ్లెట్. అతను కొడుతున్నది గోడ మీది స్క్రీన్‌లో లైను లైనుగా కనిపిస్తోంది. జల్లెడాయన్ని కంప్యూటర్ల తరఫున కూర్చోబెట్టారు.

"చెప్పమ్మా. రాయడం మరిచిపోయారా?" అంది డాక్టరమ్మ.

ఆవిడ సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టింది. "మరిచిపోలేదు మేడమ్. రాశాను. నిన్న సాయంత్రం మా వంటింట్లో మా ఆయన నాతో ఒక మాటన్నారు. అన్నది అన్నట్టు చెబుతాను." టైపిస్టు వైపు తిరిగింది. "కోట్స్‌లో పెట్టు నాయనా. 'నీ లైను దొరికింది. దొరికిందని చెప్పలేనే. ఫైలు తుడిపించేశారు. చెబితే నా మెడకి చుట్టుకుంటుంది.' దొరికింది అన్న తర్వాత ఒకసారి మంచినీళ్ళు తాగారు."

మేనేజరు కుర్చీ చప్పుడైంది. "ఇంట్లో మాటలు ఇక్కడెందుకండీ..."

"మీరుండండి" అని డాక్టరమ్మ జల్లెడాయన వైపు చూసింది. "ఈ మాటలు మీరన్నారా?"

దర్జీ కూతురు కూడా చూస్తోంది. "లైనంటే... మా నాన్న చెప్పాడనా బాబూ?" అంది మెల్లగా.

అతని నాలుక చివరిదాకా వచ్చింది నిజం. ఒక్క ముక్క చాలు. అవునంటే పెళ్ళాం నిలబడుతుంది, చచ్చిపోయిన మనిషికి నోరొస్తుంది. మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. జైలన్న మాట చెవుల్లో గింగురుమంది.

"లేదండీ. నేనలా అనలేదు" అన్నాడు.

ఆవిడ అతని వైపు తిరగనైనా తిరగలేదు. టైపిస్టుతో, "ఇది కూడా కోట్స్‌లోనే పెట్టు నాయనా. అటొకటి, ఇటొకటి" అంది.

టైపిస్టు కొట్టాడు. నిన్న మధ్యాహ్నం బాగుచేసిన జల్లెడ ఈసారి దేన్నీ దాటెయ్యలేదు. భార్య చెప్పిన మాట, దాని కింద అతను అన్న మాట, కోట్స్‌తో సహా గోడెక్కాయి. దర్జీ కూతురు కూడబలుక్కుంటూ రెండూ చదివింది. చదివి, కుర్చీ లాక్కుని వచ్చి నర్సు పక్కన కూర్చుంది.